ఉక్కపోత ఊళ్లో పొడిబారే ముఖం: వయసు మీరిన చర్మానికి నూనె ఎంతవరకు పనిచేస్తుంది?

విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి తడిగానే ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఉతికిన జాకెట్టు వేసుకున్న పది నిమిషాలకే వీపుకి అంటుకుపోతుంది. అలాంటి ఊళ్లో యాభై దాటిన ఆడవాళ్లు చాలామంది చెప్పే మాట ఒకటే. ముఖం కడుక్కోగానే బిగుసుకుపోతోంది, బుగ్గల మీద సన్నగా పొట్టు రేగుతోంది, పౌడర్ రాస్తే గీతల్లో ఇరుక్కుంటోంది. పైన చూస్తే చెమట, కింద చర్మం మాత్రం పొడి. ఈ రెండూ ఒకే ముఖం మీద ఎలా కుదురుతాయో అర్థమైతే నూనెల గొడవ సగం తేలిపోతుంది.

చెమట వేరు, చర్మం పట్టి ఉంచుకునే తేమ వేరు. చర్మంలో అన్నిటికన్నా పైపొర చచ్చిన కణాలది. పదిహేను, ఇరవై వరసలు ఉంటాయి కానీ అన్నీ కలిపినా కాగితం మందం కూడా రాదు. ఆ కణాల మధ్య సందుల్లో కొవ్వులు నిండి ఉంటాయి. బరువు లెక్కన వాటిలో సుమారు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగతాదాంట్లో ఎక్కువ ఫ్యాటీ యాసిడ్లు. లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపేది ఈ కొవ్వులే. వయసుతో ఇవి పలచబడతాయి. పైగా తైల గ్రంథుల్లో ఊరే జిడ్డు కూడా తగ్గుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగాక ఈ తేడా బాగా తెలుస్తుంది. మగవాళ్లలో ఆ జిడ్డు డెబ్బై ఏళ్ల దాకా పెద్దగా తగ్గదు. ఒకే ఇంట్లో ఒకే సబ్బు వాడుతున్నా ఆయన ముఖం నిగనిగలాడుతూ, ఆవిడ ముఖం పేలినట్టు ఉండడానికి కారణం అదే.

సబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చర్మం పైభాగం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ ఐదు చుట్టూ. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ తొమ్మిది, పది. జిడ్డు బాగా ఊరే ఇరవై ఏళ్ల ముఖం ఆ దెబ్బ నుంచి త్వరగా కోలుకుంటుంది, అరవై ఏళ్ల ముఖం అంత త్వరగా కోలుకోదు. ఉక్కపోత అని రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాత ఏసీ గదిలో కూర్చుంటే, పైన ఎంత ఖరీదైన నూనె రాసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు సబ్బు తగ్గించాలి. రాత్రి ఒక్కసారి నురగ తక్కువగా వచ్చే ఫేస్‌వాష్, మిగతా వేళల్లో ఉత్త నీళ్లు చాలు.

ఇక నూనె చేసే పని. నూనెలో నీరు ఉండదు. కాబట్టి అది చర్మానికి తేమ ఇవ్వలేదు, ఉన్న తేమ పోకుండా కొంత ఆపుతుంది. గరుకుగా లేచిన పొట్టు అంచులను అణిచి నున్నగా చేస్తుంది. నీటిని పట్టి ఉంచే పని గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్ లాంటివాటిది. పొడిగా ఉన్న ముఖం మీద నూనె రాసి ‘మెరుస్తోంది కానీ ఇంకా బిగుతుగానే ఉంది’ అని వాపోయేవాళ్లకు సమస్య ఇక్కడే ఉంది. ముఖం కడిగి, తుండుతో మెల్లగా అద్ది, ఇంకా తడిగా ఉండగానే రాయాలి. ముందు గ్లిజరిన్ ఉన్న పలచటి క్రీమ్ రాసి, దాని మీద రెండు మూడు చుక్కల నూనె రాస్తే ఇంకా నయం.

నూనె అడ్డుకునే శక్తి కూడా మనం అనుకున్నంత గొప్పది కాదు. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని వాజిలిన్ దాదాపు 98 శాతం దాకా ఆపగలదు. చాలా నూనెలు ఆపేది 20 నుంచి 30 శాతం. ‘లోతుగా ఇంకి పోషణ ఇస్తుంది’ అన్న ప్రకటనల మాట కూడా నమ్మనక్కరలేదు. మొక్కల నూనెలు చాలావరకు ఆ చచ్చిన కణాల పై వరసల్లోనే ఆగిపోతాయి. ముడతలకు అసలు కారణమైన కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా నిలిపే ప్రొటీన్) తగ్గుదల దానికి చాలా కింద జరుగుతుంది. నెలసరి ఆగిన మొదటి ఐదేళ్లలో చర్మం తన కొల్లాజెన్‌లో దాదాపు 30 శాతం కోల్పోతుంది. ఏ గానుగ నూనె అయినా దాన్ని తిరిగి తేలేదు. తేమ లేక పడిన సన్నటి గీతలు మాత్రం నూనెతో తగ్గినట్టు కనిపిస్తాయి, అది నిజమే. నుదుటి మీద లోతుగా పడిన గీతలు తగ్గవు.

లినోలిక్, ఓలియిక్: అసలు తేడా ఇక్కడుంది

నూనెలన్నీ ఒకటే అనుకోవడం దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. వాటిలో ఏ ఫ్యాటీ యాసిడ్ ఎక్కువుందో చూడాలి. ముఖానికి సంబంధించి రెండు పేర్లు గుర్తుంటే చాలు, లినోలిక్, ఓలియిక్.

1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. వాటి తోకలు, చర్మం పొలుసులు కట్టాయి. అవి మామూలుకన్నా చాలా ఎక్కువ నీళ్లు తాగాయి. తాగిన నీరు చర్మంలోంచి ఆవిరైపోతోంది మరి. లినోలిక్ యాసిడ్ ఇచ్చాక కోలుకున్నాయి. శరీరం దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, బయటి నుంచి అందాల్సిందే. చర్మంలో నీటిని ఆపే ముఖ్యమైన సెరమైడ్ల నిర్మాణంలో ఇది ఒక భాగం. ఇది కరువైతే దాని స్థానంలో ఓలియిక్ వచ్చి కూర్చుంటుంది, అప్పుడు ఆ కొవ్వుల గోడ నిలబడే ఉంటుంది కానీ నీరు కారుతుంది.

పైన రాసినప్పుడు ఏమవుతుందో 2013లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు. 19 మంది పెద్దవాళ్లు పాల్గొన్న చిన్న అధ్యయనం అది. ముంజేతి మీద రోజుకు రెండుసార్లు ఆరేసి చుక్కల ఆలివ్ నూనె నాలుగైదు వారాలు రాస్తే పైపొర బలం తగ్గింది, కొద్దిగా ఎర్రబడింది కూడా. పొద్దుతిరుగుడు నూనె రాసిన చేతిమీద ఆ నష్టం లేదు, తేమ మెరుగుపడింది. ఆలివ్‌లో ఓలియిక్ 70 శాతం చుట్టూ ఉంటుంది. పొద్దుతిరుగుడులో లినోలిక్ 60 శాతం చుట్టూ. దీనికి బలం చేకూర్చే సంగతి ఇంకొకటి ఢాకా నుంచి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పసిబిడ్డల చర్మం, ముసలివాళ్ల చర్మం ఒకటి కావు కానీ రెండింటిలోనూ ఆ గోడ బలహీనమే.

అంటే, పిల్లలకు మంచిదని, ముఖానికి మంచిదని వేలు పోసి కొనే ఆలివ్ నూనెకన్నా వంటింట్లో ఉన్న పొద్దుతిరుగుడు ప్యాకెట్టే నయమా? పొడిబారిన ముఖం వరకు నా ఓటు దానికే. కాకపోతే కొత్తగా విప్పిన ప్యాకెట్టులోంచి తీయాలి, గారెలు వేయించిన మూకుడులోంచి కాదు. ‘హై ఓలియిక్’ అని రాసి ఉన్న రకం అయితే వద్దు, దానిలో లెక్క తిరగబడి ఉంటుంది.

మిగతావాటి సంగతి చూద్దాం. కొబ్బరి నూనెలో ఈ రెండూ తక్కువే. దాంట్లో దాదాపు సగం లారిక్ యాసిడ్. పొడిబారిన ఒంటికి అది బాగానే పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 2004లో పోల్చి చూస్తే పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌కి ఏమాత్రం తీసిపోలేదు. కానీ కాళ్లకు, చేతులకు సరిపడినది ముఖానికి సరిపడాలని లేదు. మొటిమల తత్వం ఉన్నవాళ్లకు రంధ్రాలు మూసుకుపోతాయి. (అన్నట్టు, చిన్న సీసాల్లోని కొబ్బరి నూనె తినేదా, తలకు రాసుకునేదా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తినే నూనెగా లెక్కించవచ్చని 2024 డిసెంబరులో తీర్పు వచ్చింది.) బాదం నూనె మెత్తగా జారుతుంది, సువాసన ఉంటుంది కానీ అది కూడా ఓలియిక్ వైపే. ఆముదం చాలా చిక్కన, జిగట. పెదాలకు, మడమలకు సరే, ముఖమంతా పులుముకుంటే విశాఖ గాలిలో దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. ఆవనూనె మన ఇళ్లలో తక్కువే కానీ ఊళ్లో ఒడియా, బెంగాలీ కుటుంబాల్లో ఒంటికి పట్టించే అలవాటు ఉంది. దాని ఘాటే చెబుతుంది, పలచబడ్డ ముఖ చర్మం మీద అది మండుతుంది.

నువ్వుల నూనె మధ్యస్థం. ఓలియిక్, లినోలిక్ రెండూ 40 శాతం చుట్టూ ఉంటాయి. దాంట్లో సహజంగా ఉన్న, నూనె పాడవకుండా కాపాడే లిగ్నాన్‌ల వల్ల త్వరగా ముక్కదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మన ఎండలకు తట్టుకుని నిలిచిన నూనె అది. తలంటులో దాన్ని ఎలా వాడేవారో గమనించండి. ముందు నూనె, కాసేపు నానబెట్టి, ఆపైన సున్నిపిండితో రుద్ది తీసేయడం. నూనె ముఖం మీద పగలంతా ఉంచుకోవడం ఆ పద్ధతిలో లేదు. సున్నిపిండి సబ్బులా క్షారం కాదు కాబట్టి నూనె అంతా పోదు, పలచటి పొర మిగులుతుంది. వయసు మీరిన ముఖానికి మాత్రం గరుకు పిండితో గట్టిగా రుద్దడం పనికిరాదు, మెత్తటి పెసరపిండి నీళ్లలో కలిపి వేళ్ల కొసలతో అద్దితే చాలు.

మన జిల్లాల నూనె ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నవంబరు, డిసెంబరుల్లో అరకు వెళ్లినవాళ్లంతా పసుపు పూల తోటల్లో ఫొటోలు దిగుతారు కదా, అవి వలిసెలు. ఫొటో దిగి వచ్చేస్తారు, గింజ సంగతి అడగరు. వలిసె నూనెలో సగానికి పైగా, ఒక్కోసారి మూడొంతుల దాకా లినోలిక్కే. మొరాకో నుంచి వచ్చే ఆర్గన్ నూనెలో అది 35 శాతం చుట్టూ. ఆ చిన్న సీసాకు పెట్టే డబ్బుతో వలిసె నూనె ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. ఒక చిక్కు ఉంది. లినోలిక్ ఎంత ఎక్కువైతే నూనె అంత త్వరగా గాలికి, వెలుతురుకు పాడవుతుంది. రోజ్‌హిప్ నూనెది ఇంకా తొందర. జొజోబాది వేరే కథ, అది నిజానికి నూనె కాదు, ద్రవంగా ఉండే మైనం. మన చర్మపు జిడ్డులో ఉండే మైనాలకు దగ్గరగా ఉంటుంది, ఏళ్ల తరబడి పాడవదు. నూనె రాస్తే మొటిమలు వస్తాయని భయపడేవాళ్లకు అదే మేలు.

బావంచాలు, నిమ్మ: ఎండ ఊళ్లో తగలబెట్టేవి

‘రెటినాల్‌కి సహజమైన ప్రత్యామ్నాయం’ (రెటినాల్ అంటే ముడతలకు వాడే విటమిన్ ఎ రకం) అంటూ ఈమధ్య బకుచియోల్ పేరు బాగా వినిపిస్తోంది. అది మన బావంచాల నుంచి వచ్చే పదార్థమే. 2019లో 44 మంది మీద పన్నెండు వారాలు జరిగిన పరీక్షలో 0.5 శాతం బకుచియోల్ క్రీమ్ గీతలు, మచ్చలు తగ్గించడంలో రెటినాల్‌కి సమానంగా నిలిచింది, మంట తక్కువ. ఇంతవరకు బాగుంది. ప్రమాదం తర్వాతి అడుగులో ఉంది. ఇది చదివి మూలికల కొట్టుకి వెళ్లి బావంచాలు తెచ్చి నూనెలో కాచి ముఖానికి రాసుకునేవాళ్లు ఉన్నారు. ఆ గింజల్లో సొరాలెన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు నెలల తరబడి మిగిలిపోతాయి. బొల్లికి వైద్యులు సొరాలెన్‌ను కొలిచి, వెలుగును కూడా కొలిచి వాడేది ఆ గుణం ఉన్నందుకే. క్రీములో వాడే శుద్ధి చేసిన బకుచియోల్‌కి, ఇంట్లో కాచిన బావంచాల నూనెకి పేరు ఒకచోట నుంచి వచ్చింది కానీ పని ఒకటి కాదు.

నిమ్మ తొక్క నూనె, నిమ్మరసం కలిపిన నూనెల గురించి కూడా ఇదే హెచ్చరిక. ఏజెన్సీలో తీసే నిమ్మగడ్డి నూనె సువాసన బాగుంటుంది, దాన్ని నీళ్లలో వేసి ఇల్లు తుడుచుకోండి. సువాసన నూనెలు గాఢమైనవి, ముఖానికి తిన్నగా రాస్తే అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. వయసు మీరిన చర్మానికి వాసన ఎంత లేకపోతే అంత మంచిది.

విశాఖ ఎండ తీవ్రత చాలామందికి లెక్కలోకి రాదు, సముద్రపు గాలి చల్లగా తగులుతుంది కాబట్టి. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ముఖం మీద వయసు కనిపించడానికి పుట్టినరోజులకన్నా ఈ ఎండే ఎక్కువ కారణం. నమ్మకం కుదరకపోతే మీ ముంజేతి పైవైపు, లోపలివైపు పక్కపక్కన పెట్టి చూడండి, రెండింటి వయసూ ఒకటే. కొబ్బరి, ఆలివ్ నూనెలకు ఎండను ఆపే శక్తిని చెప్పే ఎస్‌పీఎఫ్ ఉందని ప్రచారం జరుగుతుంది. ల్యాబ్ గొట్టాల్లో కొలిస్తే ఏడెనిమిది వచ్చింది, ముఖం మీద దాన్ని నమ్ముకోలేం. పైగా పగటిపూట నూనె రాసి దానిమీద సన్‌స్క్రీన్ రాస్తే అది సమంగా పట్టదు. కాబట్టి పగలు 30 పైన ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్, రాత్రి నూనె. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచి వచ్చేవాళ్లు ఇంటికి రాగానే ముఖం మీది ఉప్పు తేమను మంచినీళ్లతో కడిగేసుకుంటే మంచిది.

మన వాతావరణానికి ఎంత, ఎలా

నూనెల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాల కోసం రాసినవి. అక్కడ పది చుక్కలు అంటే ఇక్కడ మూడు. మార్చి చివర నుంచి ఉక్కపోత సాగినన్నాళ్లు రాత్రి పూట, అదీ ఏసీలో పడుకునేవాళ్లకు మాత్రమే, బుగ్గలు, మెడ, కళ్ల పక్క ఎముక మీద రెండు మూడు చుక్కలు సరిపోతాయి. ఫ్యాను కింద చెమటతో పడుకునేవాళ్లు నూనె మందంగా రాస్తే చెమటకాయలు లేస్తాయి, వాళ్లకు పలచటి క్రీమే మంచిది. సంక్రాంతికి అటూ ఇటూ ఉత్తరపు పొడిగాలి తిరిగినప్పుడు రోజూ రాసుకోవచ్చు. అప్పుడే లంబసింగికో పాడేరుకో వెళ్లేవాళ్లు క్రీమ్ మీద నూనె, పెదాలకు వాజిలిన్ పట్టుకెళ్లండి, చలికి పేలిన ముఖంతో తిరిగి రావాల్సిన అవసరం ఉండదు.

కొత్త నూనె ఏదైనా నేరుగా ముఖానికి వద్దు. మోచేతి మడతలో వారం రోజులు పూటకో చుక్క రాసి చూడండి. ఎరుపు, దురద లేకపోతే అప్పుడు దవడ పక్కన మొదలుపెట్టండి.

కొనేచోట రెండు జాగ్రత్తలు. పూర్ణా మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికే ‘దీపారాధన నూనె’ సీసా మీద నువ్వుల బొమ్మ ఉన్నా అది దీపానికే. తినడానికి కాదని దాని మీదే రాసి ఉంటుంది. ఏమేం కలిపారో తెలియని నూనెను ముఖానికి రాయొద్దు. రెండోది, బాదం బొమ్మ పెద్దగా వేసిన హెయిర్ ఆయిల్స్. వెనక చిన్న అక్షరాలు చదివితే మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫినో, మినరల్ ఆయిలో ఉంటుంది, బాదం ఎక్కడో చివర్లో. మినరల్ ఆయిల్ విషమేమీ కాదు, శుద్ధి చేసినదైతే చర్మానికి చక్కగా సరిపడుతుంది. బాదం ధరకు దాన్ని కొనడమే నాకు నచ్చనిది.

గానుగ నూనెనా, రిఫైండా అంటే, చర్మం వరకు పెద్ద పట్టింపు లేదు. గానుగలో విటమిన్ ఇ లాంటివి కొంచెం ఎక్కువ మిగులుతాయి, దాంతో పాటు ముక్కును, చర్మాన్ని గుచ్చే ఇతర పదార్థాలూ మిగులుతాయి. త్వరగా ఎర్రబడే ముఖానికి వాసన లేని రిఫైండ్ నూనే నెమ్మది. ఏది కొన్నా చిన్న సీసా కొనండి. ముదురు రంగు గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వలిసె, పొద్దుతిరుగుడు అయితే రెండు మూడు నెలలకు మించి ఉంచొద్దు. ముక్కిన వాసన వస్తే పారేయండి, పాడైన నూనె చర్మాన్ని రేపుతుంది.

కొందరికి నూనె అసలు పడదు. ముక్కు పక్కన, కనుబొమల్లో ఎర్రబడి జిడ్డు జిడ్డుగా పొట్టు రేగుతుంటే అది పొడిదనం కాకపోవచ్చు. చర్మం మీద ఉండే మలసీజియా అనే ఫంగస్ దానికి తోడుపడుతుంది. వీపు మీద, ఛాతీ మీద సిబ్బెం మచ్చలు తెచ్చేది కూడా అదే. నూనెల్లోని ఫ్యాటీ యాసిడ్లే దాని తిండి, మన ఉక్కపోతే దానికి అనుకూలం. అలాంటి ముఖానికి నూనె రాసే కొద్దీ పెరుగుతుంది, యాంటీఫంగల్ క్రీమ్‌తో తగ్గుతుంది. ఇక ముఖం ఒక్కటే కాకుండా ఒళ్లంతా పొడిబారి, జుట్టు రాలి, నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం కూడా తోడైతే థైరాయిడ్‌ని అనుమానించాలి. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది మామూలే. సీసాలు మార్చుకుంటూ కూర్చోకుండా టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టుతో కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఓపీకో దగ్గర్లోని డాక్టరు దగ్గరకో వెళ్లండి.